సరోజగారి గంధపు చెట్టు

పదేళ్లు దాటింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక అబద్ధం చెప్పి, బతకాల్సిన చెట్టును చంపించాను.

తొంభైల చివర బెంగళూరులో, అడవి చెట్ల మీద పరిశోధన చేసే చోట పనిచేసేవాణ్ణి. శ్రీగంధం చెట్లను ఒక తెగులు తినేస్తోంది. ఆకులు కురచై, సూదుల్లా నిక్కబొడుచుకుని, చివరికి చెట్టే ఎండిపోయేది. మందు లేదు. నా పై ఉద్యోగి సరోజగారికి దేవనహళ్ళి దగ్గర ఒక చెట్టు కనపడింది. చుట్టూ ఉన్నవన్నీ చస్తున్నా అదొక్కటే పచ్చగా ఉంది. దాని కొమ్మలతో ఆమె మొక్కలు పెంచి, వాటికి రోగపు కొమ్మలు అంటుకట్టారు. అయినా తెగులు సోకకపోతే, తట్టుకునే గుణం ఆ చెట్టుకు పుట్టుకతోనే ఉన్నట్టు. అలాంటి చెట్టు ఒక్కటి దొరికితే చాలు, అడవిని మళ్ళీ నింపవచ్చు.

ఆమె కాన్పుకు వెళుతూ మొక్కలు నాకు అప్పగించారు. నెలలు గడిచినా ఒక్క ఆకూ కురచ కాలేదు. ఎండాకాలంలో నేను స్నేహితులతో ఊటీ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నీళ్ళు లేక మొక్కలన్నీ మాడిపోయాయి. తెగులు సోకినవాటిని చేసినట్టే, అన్నీ పీకి తగలబెట్టాను.

మరచిపోయానా? అలాగే చెప్పుకుంటూ వచ్చాను. కానీ బస్సెక్కే ముందు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి కాపలావాడికి ఒక్క మాట చెబితే సరిపోయేది. వెళ్ళలేదు. బద్ధకమా? పేరంతా ఆమెకే వస్తుందన్న కుళ్ళా? రెండోది కాదని గట్టిగా అనడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు.

ఆమె వచ్చి ఖాళీ కుండీల ముందు నిలబడ్డారు.

"తెగులే వచ్చిందా అప్పా?"

"అవును మేడమ్."

"ఆకు చిన్నదయింది నువ్వు కండ్లారా చూసినావా?"

"చూశాను."

"అట్లయితే ఆ చెట్టుకు తట్టుకునే గుణం లేదు, లోపల రోగం దాగి ఉండాది. మిగిలినవాటికి అంటకముందే తీసేయమని నేనే చెప్తాను."

చెప్పారు. చెట్టు కొట్టే రోజు ఆమెతో నేనూ వెళ్ళాను. ఆకులు వెడల్పుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. రంపం పెట్టగానే ఆమె అటు తిరిగి నిలబడ్డారు. అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను. "ఎండగా ఉంది మేడమ్, నీడలోకి రండి" అన్నాను.

తర్వాత ఆమె పరిశోధన మానేసి ఆఫీసు పనికి మారిపోయారు. నాకు ప్రమోషన్ వచ్చింది. కొన్నేళ్లకు మారతహళ్ళి బస్టాపులో కనిపించి, చేయి పట్టుకుని, "నా పిచ్చిలో పడి నీ కాలం పాడు చేసినాను. మనసులో పెట్టుకోవద్దప్పా" అన్నారు.

"పర్వాలేదు మేడమ్" అన్నాను. అంటే, ఆమెను నేను క్షమించాను!

మొన్న ఆమె పోయారని తెలిసింది. ఇక క్షమించమని అడగడానికి మనిషి లేదు. అడిగే ముఖమూ నాకు లేదు. ఆ చెట్టు నిజంగా తెగులును తట్టుకునేదేనా? ఏమో. ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను. ఈ ఒక్క మాట రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.