వచ్చే నెల పోతది

చిక్కడపల్లిలో మాది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికిస్తాం. ఒకపక్క స్టీలు సామాన్ల దుకాణం, ఇంకోపక్క పూలకొట్టు. ఆ దుకాణాల మధ్య పెరగడం వల్ల నాకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చింది. ధర వినగానే మొహం వేలాడేసుకోవడం, రెండడుగులు వెనక్కి వేయడం, మళ్లీ పిలిపించుకోవడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక. ఇప్పటికీ డాక్టరు రెండు వారాల మందులు రాస్తే ఒక వారానికి దించాలని చూస్తాను.

మా వ్యాపారంలో గుడ్డ రంగే మాట్లాడుతుంది. ఎర్రది, పచ్చది పెళ్లికి. చారలది మీటింగులకు, ధర్నాలకు. తెల్లది చావుకు. ఈ చివరి మాట ఎవరూ పైకి అనరు. ఫోన్ చేసి "తెల్లది పంపండి" అంటారు. మేం అడ్రసు తప్ప ఇంకేమీ అడగం. ఆ ఒక్క గిరాకీతో నాన్న బేరం ఆడేవాడు కాదు, నన్నూ ఆడనిచ్చేవాడు కాదు. మేం దుకాణం వెనకే ఉండేవాళ్లం. షట్టర్ దించినా ఎవరైనా కొడితే నాన్న లేచేవాడు. అందుకని పనివేళ వేరు, ఇంటివేళ వేరు అనే గీత నాకు చాలాకాలం తెలియదు. అలాంటి గీత ఉన్నవాళ్లు కూడా ఉంటారని ఒక చలికాలంలో తెలిసింది.

ఒక సాయంత్రం అశోక్ నగర్ హాస్టల్లో ఉండే అమ్మాయి వచ్చింది. మహబూబ్‌నగర్ వైపు పల్లె ఆమెది. సర్కారు కొలువు పరీక్షలకు చదువుతోంది. అంతకుముందు వాళ్ల రీడింగ్ రూముకు కుర్చీలు తీసుకుపోయింది కాబట్టి మొహం గుర్తుంది.

"అక్క, ఒక షామియానా, కొన్ని కుర్చీలు కావాలె. రేపు పొద్దుగాలకే."

"ఏం ఫంక్షన్?"

"ధర్నా."

"ధర్నాచౌక్ కాడికేనా?"

"కాదక్క. సార్ ఇంటి ముందు."

ఏ సార్ అని అడగక్కర్లేకపోయింది. మా గోదాం ఎదురు సందులో, నారాయణగూడకు మలుపు తిరిగే దగ్గర ఒక పెద్ద ఆఫీసరు ఉంటాడు. నోటిఫికేషన్ ఆగిపోయిందని, అది మళ్లీ వచ్చేలోగా వయసు దాటిపోయేవాళ్లకు సడలింపు ఇవ్వాలని, ఆ ఫైలు ఆయన బల్ల మీదే ఉందని అశోక్ నగర్‌లో ఏ చాయ్ బండి దగ్గర నిలబడినా వినిపించేది. ఈ అమ్మాయికి వచ్చే నెలతో వయసు దాటుతుంది. సంతకం పడకపోతే ఇన్నేళ్ల చదువూ పుస్తకాల మూటై ఊరికి పోవాల్సిందే.

"ఆయనకు ఆఫీసు లేదా?" అన్నాను.

"ఉన్నది. ఎన్నిసార్లు పోయినా గేట్ కాడనే ఆపుతుండ్రు. సార్ మీటింగుల ఉన్నడంటరు. ఇంట్ల మీటింగ్ ఉండదు గదక్క."

"ఇంట్ల ముసలామె ఉంటది. ఆమె ఏం చేసింది?"

"మా ఇంట్ల గూడ ముసలామె ఉన్నది. ఆమె ఏం చేసింది?"

నేను సరుకు మాటకు దిగాను. పెళ్లిళ్ల సీజన్, రంగు గుడ్డలన్నీ బయటే ఉన్నాయి, చారలవి కూడా లేవు, తెల్లదొక్కటే ఉందన్నాను.

"తెల్లదైతే ఇంక మంచిగుంటదక్క. శాంతిగ ఉంటది."

వాళ్ల పల్లెలో చావుకు ఎవరూ టెంటు వేయరు. పందిరి కూడా ఉండదు, వేపచెట్టు కింద కూర్చుంటారు. ఆమెకు తెల్లదంటే తెల్లదే. అక్కడ నేను ఒక మాట చెప్పాల్సింది. నా నోరు మాత్రం అలవాటు కొద్దీ, "తెల్లదానికి ఉతుకుడు ఖర్చు వేరే ఉంటది" అంది.

"పువ్వు లేదు, చార లేదు. సాదా గుడ్డకు గింతనా అక్క?"

పిల్లకు బేరం వచ్చు. ఆ సంతోషంలో మిగిలిన సంగతి మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్నే మా పనివాళ్లు టెంటు వేశారు. ముడులు సరిగా పడ్డాయో లేదో చూసుకోవడం నాకు అలవాటు కనుక నేనూ వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. సందు మలుపు తిరగ్గానే నా కాళ్లు ఆగిపోయాయి.

గేటు ముందు తెల్లగుడ్డ. దాని కింద గేటు వైపు తిప్పి వేసిన కుర్చీలు. వాటిలో తలలు దించుకుని కూర్చున్న పిల్లలు. నినాదాలు ఇస్తే పోలీసులు ఎత్తుకుపోతారని, ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటూ కూర్చుందామని అనుకున్నారట. పుస్తకం ఒళ్లో పెట్టుకుంటే దూరం నుంచి పుస్తకం కనపడదు, దించిన తలే కనపడుతుంది. చలికి ఆగలేక ఎవరో ఒక కట్టె మొద్దు అంటించి గేటు పక్కన పెట్టారు. అది మండకుండా పొగ వదులుతోంది. శవం లేచేదాకా ఇంటి ముందు పెట్టే నిప్పు ఎక్కడ పెడతారో సరిగ్గా అక్కడే ఉంది. అన్నీ ఉన్నాయి. ఒక్కటే తక్కువ.

మా పక్క పూలకొట్టాయన ఎవరూ పిలవకుండానే ఒక దండ పట్టుకుని వచ్చాడు. "ఎప్పుడంట అక్కా?" అని గొంతు దించి అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని, పాపం అన్నట్టు నిట్టూర్చి, చెప్పులు విప్పి వెనక వరుసలో కూర్చున్నాడు. పాలాయన బెల్లు కొట్టకుండా ప్యాకెట్లు గేటు మీద పెట్టి వెళ్లిపోయాడు. అటూ ఇటూ ఇళ్లవాళ్లు శాలువాలు కప్పుకుని ఒక్కొక్కరే దిగి వచ్చారు. సందంతా తమకు మద్దతుగా వచ్చిందనుకుని పిల్లలు జరిగి చోటిచ్చారు. వయసు పిల్లలు ఎంత పద్ధతిగా కూర్చున్నారోనని పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తెల్లగుడ్డ కింద ఎవరూ ఏమీ అడగరు.

నేను పైకి చూశాను. బాల్కనీలో ఆఫీసరు తల్లి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. టెంటు ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా చూసి లోపలికి పోయింది.

కాసేపటికి గేటు చప్పుడైంది. ఆమె దిగి వచ్చింది. తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. పూలకొట్టాయన దండను వీపు వెనక దాచుకున్నాడు. ఆమె కర్ర ఆనించుకుంటూ నేరుగా నా దగ్గరకు వచ్చింది. ఆ సందులో టెంటు ఎవరిదో అందరికీ తెలుసు.

"నాకేనా బిడ్డా?"

నా జీవితంలో నేను వెంటనే ధర చెప్పలేకపోయిన ప్రశ్న అదొక్కటే.

"కాదమ్మా. పిల్లలు చదువుకుంటుండ్రు."

"గట్లనా," అంది. గుడ్డ అంచును రెండు వేళ్ల మధ్య పట్టి చూసింది. "మంచిగ ఉతికిండ్రు." ఆ మాట అని, ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, గేటు వైపు చూడసాగింది. ఎవరినో బయటకు తీసుకొస్తారని ఎదురుచూసేవాళ్లు అలా చూస్తారు.

అప్పుడు ఆఫీసరు పార్కులో నడక ముగించుకుని సందు మొదట్లోకి వచ్చాడు.

ఆయన ఆగాడు. టెంటు చూశాడు, పొగ చూశాడు. వంగి బూట్లు విప్పి రోడ్డు మీదే వదిలేశాడు. మేజోళ్లతో నడిచి వస్తున్నాడు. ఆయనను చూసి అందరూ లేచి నిలబడ్డారు. అలా నిలబడటంతో ముందు వరుసలో కూర్చున్న తల్లి ఆయనకు కనపడలేదు. అందరికంటే ముందు లేచింది ఆ అమ్మాయి. ఆయనతో ఏం మాట్లాడాలో రాత్రంతా అనుకున్నదట. ఆయనే ముందు మాట్లాడాడు.

"ఎప్పుడు పోయింది?"

తన వయసు సంగతి ఎవరో ఆయన చెవిన వేశారనుకుంది ఆమె.

"ఇంక పోలే సార్. వచ్చే నెల పోతది."

"వచ్చే నెలనా?" అన్నాడు ఆయన.

"అవును సార్. మీ చేతులనే ఉన్నది. మీరు సంతకం పెడితే పోదు."

ఆమె ఎంతో వినయంగా, ఇంటర్వ్యూలో చెప్పినట్టు చెప్పింది. ఆయన మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. పొగ అటూ ఇటూ పోకుండా ఇద్దరి మధ్యే నిలబడింది. అడ్డం పడి చెబుదామనుకున్నాను. ఒక అడుగు ముందుకు వేశాను.

"ఏందిరా, బూట్లు ఏడ పెట్టినవ్?" అంది తల్లి, కుర్చీలో నుంచి.

జనం పక్కకు జరిగారు. ఆయన ఆమె దగ్గరకు పోయి, వేడి గిన్నెను ముట్టుకున్నట్టు భుజం మీద వేలి కొసతో తాకాడు. తర్వాత చెయ్యంతా వేశాడు. అరుస్తాడనుకున్నాం. అరవలేదు.

"టెంట్ ఎవరిది?"

"నాదే సార్."

"తీసెయ్యండి. ముందు ఆ కట్టె ఆర్పండి."

తల్లిని పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. గేటు దగ్గర ఒకసారి తిరిగి ఆ అమ్మాయిని చూశాడు. అది ఆఫీసరు చూపు కాదు. చెయ్యి చూపించుకున్నవాడు జాతకం చెప్పేవాళ్లను అలా చూస్తాడు.

గుడ్డ మడతపెడుతూ జరిగింది ఆమెకు చెప్పాను. తెల్లది దేనికో, కట్టె దేనికో, ఆయన అడిగిందీ విన్నదీ వాళ్లమ్మ చావు గురించేనని. ఆమె తను పట్టుకున్న మడత కొసను నా చేతిలో పెట్టేసింది.

"నేను పోయి చెప్తనక్క. సార్ తప్పుగ ఇన్నడు."

"ఆగు. ఎదుటోడు తప్పు లెక్క కట్టుకుంటే మనం నోరు తెరువొద్దు. సంతకం పడ్డంక చెప్పు."

"అప్పటిదాంక ఆయన వాళ్లమ్మ గురించి గట్లనే అనుకోవాల్నా?"

"ఆఫీసు గేటు కాడ నిన్ను నిలబెట్టినప్పుడు నీ గురించి ఏమనుకున్నడు?"

"ఏమనుకోలే. అందుకే గద ఇంటికొచ్చింది. ఇంటికొచ్చి గింత పని చేస్తమనుకోలే."

ఆ సాయంత్రమే వెళ్లింది. ఆపలేక నేనూ వెంట వెళ్లాను. ఆయన ఇంట్లో లేడు, తల్లి తలుపు తీసింది. అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. సంతకం పడకపోతే ఏమవుతుందో కూడా దాచలేదు. ముసలామె అంతా విని, లోపల్లోపల నవ్వింది.

"వానికి చెప్పకు."

"ఎందుకమ్మా?"

"చిన్నప్పటి సంది భయపడితేనే పని చేస్తడు వాడు. పరీక్షల ముందు గూడ గంతే." తర్వాత నా వైపు తిరిగింది. "ఆ గుడ్డ నాకు పక్కకు పెట్టు బిడ్డా. ఎవలకియ్యకు."

ఎంతో మందితో బేరమాడాను. తన చావును తూకంలో వేసి ఇంత తాపీగా కూర్చున్న మనిషిని మాత్రం చూడలేదు.

ఆ నెల తిరగకముందే ఫైలు కదిలింది. సడలింపు వచ్చింది. అమ్మాయి వయసు నిలబడింది, ఆ తర్వాత పరీక్షా రాసింది. ధర్నా గెలిచిందని హాస్టళ్లలో మిఠాయి పంచారు. ఫైలు ముందే కదులుతోందని కొందరన్నారు. ఇంటి మీదికి పోవడం ఏం పద్ధతని మా స్టీలు దుకాణాయన అన్నాడు. ఆఫీసులో దొరకని మనిషిని ఇంకెక్కడ పట్టుకోవాలని పూలకొట్టాయన అన్నాడు. రెండూ నాకు నిజంగానే అనిపించాయి. అమ్మాయి మాత్రం మిఠాయి తినలేదు.

ఎందుకంటే ఆమె నోట వచ్చిన ఆ వచ్చే నెల ఇంకా ముందుంది, అదీ రానే వచ్చింది. ఆ నెలంతా ఆమె కోచింగ్‌కు దగ్గర దారి మానేసి మా సందులోంచి పోయేది. బాల్కనీ కింద నడక నెమ్మదించేది. నేను గోదాం తాళం తీసేటప్పుడు పైకి చూసేదాన్ని. ఆఫీసరు నడక నుంచి వస్తూ మలుపులో ఆగి, ముందు గేటు ఎదురుగా రోడ్డును చూసి, ఏమీ లేదని తేల్చుకున్నాకే అడుగు వేసేవాడు. మా ముగ్గురినీ ముసలామె పైనుంచి చూస్తూ ఉండేది.

నెల గడిచింది. ముసలామెకు ఏమీ కాలేదు. అమ్మాయి మళ్లీ దగ్గర దారినే పోవడం మొదలుపెట్టింది. ఆఫీసరు మాత్రం ఇప్పటికీ మలుపులో ఆగుతాడు. ఏ నెల అనుకున్నాడో ఆ నెల ఆయనకు ఇంకా గడవలేదు.

ఒకరోజు మా దుకాణానికి వచ్చాడు. గల్లా ముందు మామూలు గిరాకీలా నిలబడ్డాడు. "మీ మిద్దె మీద ఆ తెల్లవి ఆరేస్తున్నారు. మా అమ్మ గదిలోకి కనపడుతున్నాయి. జర లోపల ఆరేస్తారా?"

"ఆరేస్తం సార్," అన్నాను. బేరం ఆడలేదు.

ఆయన వెళ్లాక చాలాసేపు ఆలోచించాను. ధర్నాచౌక్‌లో వేసిన టెంటు సాయంత్రానికి విప్పేస్తాం. కర్రలు లెక్క చూసుకుని, గుడ్డ మడతపెట్టి, గోదాంలో పడేస్తాం. ఆఫీసరు ఇంటి ముందు వేసినదీ మా పనివాళ్లే విప్పారు, నేనే మడతపెట్టాను. అయినా ఆయన కళ్లలో అది ఇంకా నిలబడే ఉంది. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టలేను, ఆమెకు వేరే తలుపు తెరుచుకోలేదు. కానీ ఇప్పుడు ఎవరైనా షామియానా అడిగితే, ఎవరి ఇంటి ముందో తెలుసుకోకుండా రంగు మాట ఎత్తను.

తెల్లవి లోపలే ఆరేస్తున్నాను. ముసలామె పక్కకు పెట్టమన్న గుడ్డ పైఅరలో ఉంది, కిరాయికి ఇవ్వను. మొన్న నేను సామాన్ల ఆటోలో ఆ సందులోంచి పోతుంటే పైనుంచి పిలిచింది.

"ఇయ్యాల ఎవలకు బిడ్డా?"

"పెళ్లికమ్మా."

"నాది లోపల్నే ఉంది గద?"

"ఉందమ్మా."

ఆమె వెనక, గది చీకట్లో, కొడుకు నిలబడి వింటున్నాడు. ఆయన అక్కడున్నాడని ఆమెకు తెలుసు. నా వైపు చూసి, కొంచెం గొంతు పెంచి అంది:

"ఉండనీ తీ. వచ్చే నెల సూద్దాం."