పది నంబరు పానా

మొన్న ఖమ్మంలో నా ఓపీ గదిలోకి ఒక ముసలామె వచ్చి కూర్చోగానే ఇప్పనూనె వాసన గుప్పుమంది. కొంచెం చేదు, కొంచెం పొగ కలిసిన వాసన అది. అడవి పక్క ఊళ్లలో తిరిగినవాళ్లకు తప్ప అంత తొందరగా పోల్చుకోవడం రాదు. ఆమె తన మోకాలి నొప్పి గురించి చెప్పుకుపోతోంది, నా బుర్ర మాత్రం పినపాక దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. "ఇంటున్నవా డాక్టరమ్మా?" అని ఆమె గద్దిస్తే గాని ఈ లోకంలోకి రాలేదు. ఎన్నాళ్లుగానో రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న దేవసహాయం గారి గురించి ఆ సాయంత్రమే రాయడం మొదలుపెట్టాను.

ఆయన డాక్టరు కాదు. అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ దవాఖానాలో పిండికట్లు కట్టే టెక్నీషియన్. జూలూరుపాడులో వాళ్ల నాన్నకు సైకిల్ షాపు ఉండేదట. చిన్నప్పుడంతా అక్కడ పంక్చర్లు వేసి, తర్వాత వాళ్ల చర్చి పాస్టరు పుణ్యమా అని ఈ పని నేర్చుకున్నారు. నేను చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, ఎప్పుడూ తొందర లేని చేతులు. నాకేమో ఎముకల డాక్టరుగా అదే మొదటి ఉద్యోగం. చదువు తాలూకు వేడి ఇంకా చల్లారలేదు. దానికి తోడు మాది మధిర పక్క, నోరు కూడా కాస్త ఎక్కువే.

కాలు విరిగి, కండ చీలి, ఎముక బయటికి వస్తే మామూలు పిండికట్టు పనికిరాదు. లోపల ప్లేటు వేస్తే చీము పడుతుందని భయం. అలాంటప్పుడు బయటినుంచి ఎముకలోకి స్టీలు పిన్నులు దించి, వాటన్నిటినీ కాలి బయట ఒక కడ్డీకి క్లాంపులతో బిగిస్తాం. దాన్ని ఫ్రేము అంటాం. నెలల తరబడి రోగి ఆ ఇనుముతోనే తినాలి, పడుకోవాలి, ఇంటికి పోవాలి. పిన్ను ఏ కోణంలో దించాలో మాకు బాగా నేర్పారు. ఆ ఫ్రేము ఎలాంటి ఇంటికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

జోగమ్మ అనే ఆమెను ఎండాకాలంలో, బీడీల తునికాకు కోసే రోజుల చివర్లో తీసుకొచ్చారు. ఆకు కట్టలు వేసుకొచ్చే ట్రాక్టరు బోల్తా పడి, మోకాలి కింద ఎముక రెండు ముక్కలై చర్మం చీల్చుకుని బయటపడింది. ఆమె వెంట భర్త లచ్చయ్య ఒక్కడే ఉన్నాడు. నేను పెద్ద ఆసుపత్రిలో చదువుకుంటున్నప్పుడు వాడిన కొత్త రకం ఫ్రేమును పట్టుబట్టి తెప్పించి ఉంచాను. సన్నటి క్లాంపులు, లోపలికి దిగే చిన్న మరలు. వాటిని బిగించడానికి దానితోపాటు వచ్చిన ప్రత్యేకమైన తాళంచెవి ఒక్కటే పనికొస్తుంది. ఆ ఫ్రేమునే జోగమ్మ కాలికి బిగించాను. ఎక్స్‌రేలో ఎముక గీత గీసినట్టు నిలబడింది. నా ఆనందం చెప్పనలవి కాదు.

దేవసహాయం గారు ఎక్స్‌రే చూడలేదు. జోగమ్మ పాదాన్ని తుడుస్తూ అడిగారు.

"మేడం, ఈమె ఇంటికి పోవాలంటే ఎన్ని వాగులు దాటాలె?"

"ఊరి పేరు కేస్ షీట్‌లో ఉంది, చూసుకోండి."

"పేరు చూసిన మేడం. రెండు వాగులు. వానలు పడితే నెలన్నర దాక బండి రాదు. మర ఊడితే బిగించే చెవి మన బీరువల ఉంటది గద?"

నాకు ఒళ్లు మండింది. వార్డులో అందరూ వింటుండగా, "మీరు కట్ల సంగతి చూసుకోండి, ఫ్రేము సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన "సరే మేడం" అని తువ్వాలు మడిచి పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటికి పంపిన మూడు వారాలకు, మొదటి వానలు పడ్డాక, జోగమ్మను మంచం మీద మోసుకొచ్చారు. దుప్పటి తీసి చూద్దును కదా, ఫ్రేము ధగధగా మెరుస్తోంది. మా దగ్గర ఉన్నప్పుడు కూడా అంత శుభ్రంగా లేదు. కాలు మాత్రం మధ్యలో వంగిపోయింది. క్లాంపులు కడ్డీ మీద జారాయి, రెండు పిన్నుల దగ్గర చీము కారుతోంది.

"ఎవరు విప్పారు దీన్ని?" అని అరిచాను.

"ఎవ్వలు ఇప్పలే డాక్టరమ్మా," అన్నాడు లచ్చయ్య, చేతులు కట్టుకుని. "దినాం ఇప్పనూనె రాసిన. వానకు ఇనుము తుప్పు పడతది గద. గొడ్డలికి, నాగలి కర్రుకు గట్లనే రాస్తం. వదులైందని సూసి కూడలి కాడ మెకానిక్‌ను తోలుకొచ్చిన. ఆయన తాన ఏ పానా పట్టలే."

ఆ ఊళ్లో వానాకాలానికి ముందు ఇంట్లో ఉన్న ఇనుమంతటికీ నూనె పట్టిస్తారు. భార్య కాలికి ఉన్న ఇనుముకు పట్టించకుండా ఎలా ఉంటాడు? రోజూ పొద్దున్నే కూర్చుని మర మరకీ దూదితో పట్టించాడట. ఆ జిడ్డుకే మరలు పట్టు వదిలాయి. ఇదంతా ఇప్పుడు అర్థమైనంత తేలిగ్గా అప్పుడు అర్థం కాలేదు. తప్పు నా మీద పడుతుందన్న భయమో ఏమో, నోటికొచ్చినట్టు కేకలేశాను. చీము లోపలికి దిగితే మోకాలి కింద కాలు తీసేయాల్సి వస్తుందని అతని మొహం మీదే చెప్పాను. అది నిజమే, కానీ అలా చెప్పాల్సిన నిజం కాదు.

లచ్చయ్య గోడకు చేరగిలబడ్డాడు. "నేనే చేసిన్నా?" అన్నాడు మెల్లగా.

దేవసహాయం గారు చేతిలో పని వదిలి అతని దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యేశారు. "నీ తప్పు గాదు లచ్చయ్యా. మేం చెప్పలే. నువ్వు మంచిగనే చూసుకున్నవు." ఆయన 'మేం' అన్నారు. ముందే హెచ్చరించిన మనిషి, నా పక్కన నిలబడి, నా తప్పులో సగం తన నెత్తిన వేసుకున్నారు. తర్వాత కట్ల గదిలో నేను ఏడుస్తుంటే, "ఏడ్పు తర్వాత మేడం, ముందుగాల కాలు," అని పాత బీరువా తెరిచారు.

అందులో లావుపాటి పాతకాలం క్లాంపులున్నాయి. వాటి నట్లు బయటికే ఉంటాయి. "పది నంబరు పానా పడతది. పది నంబరు లేని రిపేరు షాపు ఈ అడవిల లేదు మేడం," అన్నారు. అన్నీ స్టెరిలైజ్ చేయించి, చీము కడిగి, మంచి ఎముక ఉన్నచోట కొత్త పిన్నులు దించి నేను ఫ్రేము కట్టాను. ఆయన నర్సమ్మ దగ్గర ఎర్ర గోళ్లరంగు అడిగి తెచ్చారు. ప్రతి నట్టు మీదినుంచి క్లాంపు మీదికి ఒకే గీత గీశారు. నట్టు కదిలితే గీత తెగుతుంది, చదువు రానివాళ్లకైనా కనిపిస్తుంది. చీము తగ్గేదాకా ఇద్దరినీ అక్కడే ఉంచుకున్నాం. ఆ రోజుల్లో ఒక వెదురు బద్దకు మిగిలిన క్లాంపు తగిలించి, ఒక పది నంబరు పానా ఇచ్చి, ఎంత బిగించాలో లచ్చయ్యకు చేతికి అలవాటయ్యేదాకా దేవసహాయం గారు నేర్పించారు.

"నూనె రాయొద్దా మరి?" అని అడిగాడు లచ్చయ్య దిగులుగా. రాయొద్దంటే ఆ మనిషి చేతులు ఊరుకోవని ఆయనకు తెలుసు. "రాయి. కానీ పానాకు రాయి. కాలు దగ్గరికి మాత్రం రానియ్యకు. కాలుకు కాగి చల్లారిన ఉప్పునీళ్లే," అన్నారు.

వాళ్లు వెళ్లాక వాగులు పొంగాయి. నెలన్నర పాటు కబురు లేదు. కాలు ఉందో, పోయిందో, అసలు మనిషి ఉందో లేదో తెలియదు. పొద్దున లేస్తే మబ్బు వంక చూడటమే నా పని. ఒకరోజు ఓపీ వరండాలో కర్ర చప్పుడైంది. చూస్తే జోగమ్మ, ఫ్రేము ఉన్న కాలు నేల మీద ఆనించి నడిచొస్తోంది! "ఒక్క గీత తెగింది సారూ, కలిపిన," అని లచ్చయ్య దేవసహాయం గారికి పానా చూపించాడు. అది అద్దంలా ఉంది. ఎక్స్‌రేలో రెండు ముక్కల మధ్య కొత్త ఎముక మబ్బులా అల్లుకుంది. నేను అందరి ముందూ ఏడ్చేశాను, నాకేం సిగ్గు వేయలేదు.

పోయినేడు దేవసహాయం గారు పోయారు. ఆ రోజు వార్డులో అన్న మాటకు ఆయన్ని క్షమాపణ అడగనేలేదు. అడిగితే "ఏ మాట మేడం?" అనేవారు, అదీ నాకు తెలుసు. సమాధి దగ్గర జనంలో జోగమ్మ కనిపించింది. రెండు వాగులూ దాటి నడిచొచ్చిందట. ఆమె కాలి మీద పిన్నుల మచ్చలు చూస్తూ, "నీ కాలు నిలబెట్టింది ఆయనే జోగమ్మా," అన్నాను.

"కాలు సంగతి గాదు డాక్టరమ్మా," అంది. "ఆ దినం మంచం మోసుకొస్తుంటే తనే సరిగ సూసుకోలేదని తొవ్వంత మా ఆయన ఏడ్చిండు. రెండు దినాలసంది బువ్వ ముట్టలే. నీ తప్పు గాదని ఈ సారు అన్నంకనే తిన్నడు."

ఆ రోజు లచ్చయ్య తిన్నాడో లేదో నేను చూడనైనా లేదు. ఇప్పుడు ఎవరి ఫ్రేము వదులై తిరిగొచ్చినా, ఎక్స్‌రే చేతిలోకి తీసుకోకముందే పక్కన నిలబడ్డవాళ్ల వైపు తిరిగి, "మీ తప్పు కాదు, మేం సరిగా చెప్పలేదు. ఏమన్నా తిన్నారా?" అని అడుగుతాను.