ఏ కమ్యూనిటీ కాలేజీ?

మొన్న షాంటిలీలో ఇండియన్ గ్రోసరీకి వెళ్తే, కరివేపాకు ఏరుకుంటున్న ఒకావిడ నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా, ఎంబీయే చేసిన మీ తోటికోడలు బావుందా?" అని అడిగింది. "బావుందండీ" అన్నాను. నిజమే, బాగానే ఉంది. ఎంబీయే మాత్రం చెయ్యలేదు. ఆ ముక్క ఈవిడ చెవిన వేసిన మహాతల్లిని నేనే.

మా తోటికోడలు, అంటే మా మరిది భార్య, ఇంటర్‌తో చదువాపి పెళ్ళి చేసుకుని ఈ దేశానికొచ్చింది. పిల్లలిద్దరూ బడికి వెళ్ళడం మొదలెట్టాక, ముప్పై ఎనిమిదో ఏట, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్‌లో అసోసియేట్ డిగ్రీకి చేరింది. రెండేళ్ళ చదువు, ఇక్కడి మామూలు డిగ్రీలో సగం. వాళ్ళింట్లో పిల్లల గోల పడలేక మా డైనింగ్ టేబుల్ దగ్గరే చదువుకునేది. ఓ పక్క నేను పోపు వేస్తుంటే, ఇంకో పక్క తను జాకెట్లు కుట్టే షాపుకి మార్కెటింగ్ ప్లాన్ అంటూ గరిటె మైకులా పట్టుకుని ప్రెజెంటేషన్ ఇచ్చేది. నా బుర్ర తినేసేదనుకోండి. అయినా తన ఇంగ్లీషు వారం వారం గట్టిపడుతుంటే ముచ్చటేసేది.

ఇండియాలో ఉన్న మా అత్తగారికి ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఈ సంగతి చెబితే, ఆవిడ గొంతు తగ్గించి, "కమ్యూనిటీ కాలేజా? ఏ కమ్యూనిటీ వాళ్ళదమ్మా? మనవాళ్ళదేనా?" అంది. మా ఇళ్ళల్లో కమ్యూనిటీ అంటే కులమేగా మరి! తోటికోడలు పడీ పడీ నవ్వి, "అందరిదీను అత్తయ్యా, ఎవరొచ్చినా చేర్చుకుంటారు" అంది. నేనూ నవ్వాను గానీ, ఆ 'ఎవరొచ్చినా' దగ్గర నాకెక్కడో గుచ్చుకుంది. నేను మాస్టర్స్ చేసి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదాన్ని, నా చుట్టూ ఉన్నవాళ్ళంతా అంతే. ఆ వారమే, తలా ఓ వంటకం తెచ్చుకుని కలిసి తినే ఓ పాట్‌లక్‌లో, ఇందాకటి కరివేపాకు ఆవిడే "మీ తోటికోడలు ఏం చదువుతోంది?" అని అడిగితే, కమ్యూనిటీ అన్న మాట నోట్లోంచి ఊడిపడలేదు. "ఎంబీయే అండీ" అనేశాను. ఆవిడ అక్కడితో ఆగితేనా! పులిహోర వడ్డించుకుంటున్న తోటికోడలి దగ్గరికెళ్ళి, "ఎంబీయేనటగా, కంగ్రాట్స్!" అంది. తను నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "థాంక్సండీ" అంది. "ఆ డిగ్రీ గోలంతా వాళ్ళకేం అర్థమవుతుందే, అందుకే అలా చెప్పా" అని కార్‌లో సర్దిచెప్పాను. "పర్లేదక్కా" అంది.

ఆ తర్వాత మా ఇంటికొచ్చి చదువుకోవడం తగ్గించింది. నేనూ పట్టించుకోలేదు. మరుసటేడు మే నెలలో ఒకరోజు వాళ్ళింటికెళ్తే, కుర్చీకి నల్ల గౌను వేలాడుతోంది. "గ్రాడ్యుయేషన్ ఎప్పుడే?" అన్నాను.

"అయిపోయిందక్కా, గురువారం."

నాకు కోపమొచ్చింది, చూడండి నా సిగ్గులేనితనం! "మాటవరసకైనా పిలవలేదేం?" అని దెబ్బలాడాను.

"మీరొస్తే ఫొటోలు పోస్ట్ చేస్తారు. అందరూ డిగ్రీ పేరు అడుగుతారు. మీ మాట పోతుందని ఎవర్నీ పిలవలేదక్కా. ఈయన్ని కూడా ఆఫీస్‌కి వెళ్ళమన్నాను" అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బావుండేది, నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని. ఇంతమందిలో ఒక్కరూ చప్పట్లు కొట్టేవాళ్ళు లేకుండా ఆ పిల్ల స్టేజీ ఎక్కి దిగింది, నా మూలంగా. తల కొట్టేసినట్టయింది నాకు.

"టీ పెట్టనా అక్కా?" అంది. "పెట్టు" అన్నాను. క్షమించవే అనడానికి అర నిమిషం చాలు. ఎనిమిదేళ్ళు గడిచాయి, ఆ అర నిమిషం మాత్రం నాకింకా దొరకలేదు.