పంపినవాళ్ళ గొంతు

ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో బెన్‌హర్‌కి భయమంటే ఏమిటో తెలియదు. అతను ట్రాక్ సింగరు. పేరున్న గాయకుడు తీరిక చేసుకుని వచ్చేదాకా పాటను నిలబెట్టి ఉంచే గొంతు. ఆ తర్వాత చెరిపేస్తారు. తప్పు దొర్లితే వేలు పైకెత్తుతాడు, అద్దం అవతల ఇంజినీరు వెనక్కి తిప్పుతాడు, మళ్ళీ పాడతాడు. చెరిగిపోయే పాటకి భయమెందుకు?

ఆ సాయంత్రం మాత్రం ఆ భయమేమిటో తెలిసింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ యూదు కుటుంబాలు నాలుగైదు, ప్రాయశ్చిత్త దినానికి ఒక మేడగదిలో చేరాయి. ప్రార్థన నడిపే సాదోకు పెదనాన్న వేసవిలో పోయాడు. అందరి తరఫునా పాడే హజ్జాన్ పని బెన్‌హర్ మెడకు చుట్టుకుంది. హజ్జాన్ పూజారి కాదు, జనం తమ మాటగా దేవుడి దగ్గరికి పంపే మనిషి. అందుకే పెదనాన్న పదేపదే అనేవాడు: "తప్పు పాడినోడిదిరా, కీడు పంపినోళ్ళది."

పంపినవాళ్ళలో చెల్లెలు తబిత ఉంది. ఎల్లుండి ఆమె గుండెకు ఆపరేషన్. గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. అన్నయ్య పాడుతుంటే ఇంట్లో కూర్చోనని పంతం పట్టింది. కుర్చీతో సహా మోసుకొచ్చారు. పాడే పని నుంచి తనను తప్పించమని బెన్‌హర్ అందరినీ బతిమాలినా ఎవరూ వినలేదు.

పొద్దు గుంకకముందే మొదలుపెట్టాలి. ఒకే ప్రార్థన మూడుసార్లు, ఒక్కోసారి కాస్త గొంతు పెంచుతూ. మొదటిసారి గండం గడిచింది. రెండోసారి సగంలో ఆపరేషన్ గుర్తొచ్చి పదం జారిపోయింది. అలవాటుగా వేలు పైకెత్తాడు. ఎదురుగా గోడ. వెనక్కి తిప్పేవాడు లేడు. జారిన పదం ఎంత వెతికినా దొరకలేదు. నా చేతులారా చెల్లిని చంపుకున్నాను అనుకున్నాడు.

వెనక నుంచి ఆ పదం వినిపించింది. నెలరోజులుగా అతని సాధన వింటున్న తబిత, కుర్చీ చేతులు పట్టుకుని లేచి ఆ వరుస అందుకుంది. మూడు మాటలకే రొప్పు వచ్చింది. అయినా ఆపలేదు.

కీడు సంగతి బెన్‌హర్‌కి ఇక గుర్తు లేదు. ఇంకొక్క మాట పాడితే ఆ గుండె ఏమవుతుందోనన్న భయం అతన్ని ముందుకు తోసింది. నాలుగో మాట ఆమె నోట్లో ఉండగానే లాక్కుని గొంతెత్తాడు. కుర్చీ కిర్రుమంది. రెండోసారి ముగించాడు గానీ వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. పుస్తకం మీంచి కళ్ళు తీయకుండా చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"ఉన్నాన్లే అన్నయ్యా," అంది తబిత. "పాడు."