ఉప్పు పట్టించిన గుర్దాలు

జగిత్యాలలో గులాం నబీ మటన్ దుకాణానికి గుర్దాల కోసం, అంటే మేక మూత్రపిండాల కోసం, వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. వండుకోవడానికి కాక చదువుకోవడానికి కొనేది మాత్రం సంధ్యారాణి ఒక్కతే. సిరిసిల్ల మగ్గాల ఇంటి పిల్ల. ఇక్కడి కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. గుర్దాలో కణాలకు పొర ఉంటుందట, ఆ పొరలో ఒక ఎంజైమ్ ఉంటుందట. ఉప్పు బొత్తిగా లేకపోతే అది పని మొదలుపెట్టదు, తగుమాత్రం ఉంటే చురుగ్గా చేస్తుంది, మించితే చతికిలబడుతుంది. ఎంత ఉప్పుకు ఎంత పని చేస్తుందో కొలవడమే ఆమె చదువు. ఇందులో నబీకి ఏం అర్థమైందో గాని, తన దుకాణం సరుకుతో ఒక ఆడపిల్ల డాక్టరు కాబోతోందని కోరుట్ల చుట్టాల దాకా చాటింపు వేశాడు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. కరెంటు కోతలు ముదిరి నబీ ఫ్రిజ్ ఉత్త అల్మారా అయింది. పొద్దున కోసిన మేక గుర్దాలు సంధ్య వచ్చేలోగా పాడవుతాయని ఆయనకు బెంగ పట్టుకుంది. తోళ్ల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు కదా, తోళ్లు చెడకుండా చేసినట్టే గుప్పెడు దొడ్డుప్పు పట్టించి ఆకులో చుట్టిపెట్టాడు. సంధ్య విప్పి, కాసేపు చూసి, మంచి పని చేశావంది. మెచ్చుకున్నాక చెయ్యి ఆగుతుందా? మరుసటి వారం ఇంకో గుప్పెడు ఎక్కువే పట్టించాడు.

మూడోవారం ఆమె ఎప్పుడూ వచ్చే దానికి ఒకరోజు ముందే వచ్చి నిలబడింది. గైడు పెట్టిన గడువు రేపటితో సరి. రేపేమో బంద్. ఆ పొద్దున కోసినవి అప్పటికే ఉప్పులో ఉన్నాయి.

"చిచ్చా, ఉప్పేసినయి నాకు పనికిరావు. ఉప్పు లేని నీళ్లకెల్లి మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాలె. నువ్వు పట్టిచ్చిన ఉప్పుకు ఆ పొరలే ఖరాబైనయి. రెండుసార్లు పారేసిన."

నబీ చేతిలో కత్తి పక్కన పెట్టాడు. "మొదటి దినమే ఎందుకు చెప్పకపోతివి బిడ్డా?"

"అంత సంబురంగ ఇస్తివి. నోరు రాలే."

ఆయనకు తన మీద కంటే ఆ పిల్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఒకరి మనసు నొచ్చుకుంటుందని చదువు పాడుచేసుకునే వాళ్లుంటారా?

బంద్ రోజు దుకాణం తెరవడం మాట అటుంచి, తెరవొద్దని పదిమందికి చెప్పినవాడే ఆయన. ఆలోచించి ఉద్యమ శిబిరానికి పోయాడు. రేపు రోడ్డు మీద వండి నిరసన తెలిపే వంటావార్పుకు మేక తనదేనని చెప్పాడు.

మర్నాడు రోడ్డు పక్కనే మేకను కోశాడు. గుర్దాలను ఉప్పు సోకకుండా నేరుగా సంధ్య తెచ్చిన ఐసు డబ్బాలో వేశాడు. ఆమె స్కూటీ మీద ల్యాబుకు పోయింది. అన్నాలు వడ్డించే వేళకు పరీక్ష కుదిరిందని ఫోన్ చేసింది.

ఇక్కడ నబీకి శాలువా కప్పారు. తెలంగాణ కోసం ఇంటి మేకనే ఇచ్చిన మనిషని మైకులో పొగిడారు, జై కొట్టారు. ఇచ్చింది అందుకు కాదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ఎదురుగా విస్తళ్ల ముందు కూర్చున్న అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. తెరిచిన నోరు మూసుకున్నాడు. సంధ్య మీద మిగిలిన కోపం అక్కడే పోయింది.