గంజి పోయిన చొక్కాతో మంథని గోదారి మీద

మా ఆయన రాజేశం నిరుడు కార్తీకంలో మంథని దగ్గర గోదావరిని చెక్కపలక మీద దాటబోయి, సగంలోనే చలికి కొంకర్లు పోయి పడవెక్కి వచ్చాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా తమ్ముడు కొమురయ్య, వాడి దోస్తులు ఏటా వానలు తగ్గాక ఆడే ఆట ఇది. పలక మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ, ప్రవాహంతో వాలుగా సాగి అవతలి ఇసుకమేట చేరాలి. "మగ్గం గుంతల కూసునేటోళ్లకు ఏరెందుకు బావా" అని వాళ్లు నవ్విన నవ్వుకు ఏడాది పొడవునా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఆయన్ని ఆపింది చలి కానీ ఏరు కాదు. చలిని ఆపే బట్ట నేయడం మా ఇంటి పనేగా! ముతక నూలుతో ఒత్తుగా నేసి, ఒంటికి అతుక్కునేలా పొడుగు చేతుల చొక్కా కుట్టి, ఈసారి దాటకుండా ఇంటికి తిరిగొచ్చేది లేదని చెప్పాను.

మా సిరిసిల్లలో తెల్లవారకముందే బస్సెక్కితే కరీంనగర్‌లో చాయ్ తాగేసరికి పొద్దెక్కుతుంది. అక్కడి నుంచి పెద్దపల్లి, పెద్దపల్లి నుంచి మంథని. తిండితో కలిపి మనిషికి నాలుగైదు రూపాయలు దగ్గర ఉంచుకోండి. కొమురయ్య రైల్లో పెద్దపల్లి దిగి, బూరుగు పలకతో మా కోసం నిలబడి ఉన్నాడు. మంథని బస్సు డ్రైవరు దాన్ని పైకెక్కిస్తూ "గిదేంది, ఇల్లు గట్టవట్టిండ్రా?" అన్నాడు. "కాదన్నా, మా బావ గోదారి దాటుతుండు" అన్నాడు తమ్ముడు. డ్రైవరు మా ఆయన్ని ఎగాదిగా చూసి "నిరుడు పడవల వచ్చింది గీనెనా?" అన్నాడు. మా ఆయన మంథని దాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు.

తమ్ముడి గని దోస్తులు మాకన్నా ముందే రేవుకు చేరి ఉన్నారు. అక్కడ పడవ నడిపే మల్లయ్య ముందుగా పలకను తిరగేసి చూశాడు. తోక దగ్గర, అడుగున ఒక టేకు రెక్క బిగించి ఉంటుంది. అది లేకపోతే పలక నీళ్లలో గిర్రున తిరుగుతుంది. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని మా తమ్ముడిది. ఆ అలవాటుకొద్దీ చాటంత రెక్క చెక్కి తెచ్చాడు. "గింత రెక్క పెడితే ఏరు దాన్నే పట్టి గుంజుకపోతది కొడుకా. అరచెయ్యంత చాలు. ముంగటి అంచు గుండ్రంగుంచు, ఎనుకటంచు సన్నగ చెక్కు" అన్నాడు మల్లయ్య. కొమురయ్య గొణుక్కుంటూనే రంపం తీశాడు. వాడి పని వంకరపోయిందని నేను నవ్వాను. నా వంతు వెంటనే వచ్చింది.

కొత్త చొక్కా తొడుక్కుని మా ఆయన మెడలోతు నీళ్లలో దిగి పలక మీదికెక్కబోయాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే జర్రున అవతలికి జారిపోయాడు. చొక్కాలోంచి తెల్లగా గంజి కారుతోంది, బట్ట వదులై సంచిలా ఉబ్బుతోంది. పడుగుకు గంజి దట్టంగా పట్టిస్తేనే పోగు తెగదని మా చేతులకు అలవాటు. ఆ గంజితో బిర్రుగా ఉన్న బట్టను చూసి మురిసిపోయి, దాన్ని తడిపైనా చూడకుండా కుట్టేశాను. నేతగాళ్లు తప్ప ఇంకొకరు చేయని తప్పది. నా మీద నాకే మహా కోపం వచ్చింది. మల్లయ్య భార్యనడిగి పెద్ద గిన్నెలో చొక్కాను ఉడకబెట్టి, పిండి, ఎండిన ఇసుక మీద పరిచాను. గంజంతా పోయి నేత దగ్గరికి ముడుచుకుంది. దాంతోపాటు చొక్కా కూడా ముడుచుకుంది. మా ఆయనకు భుజాల దగ్గరే ఆగిపోయింది.

"అక్కా, ఇగ నీకే సరిపోతది" అని కొమురయ్య పగలబడి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. నావైపు చూసి "నువ్వే తొడుగు" అన్నాడు.

"నేనా? నలుగురు నవ్వుతరు."

"నిరుడు నన్ను జూసి నవ్విండ్రు గదా, ఏమైంది? ధర్మపురిల పుట్టి గోదారిల ఈదినదానివి. నీకు రాని ఏరా?"

చొక్కా తొడుక్కుని, చీరను గోచి పోసుకుని పలకతో దిగాను. ముందు చలి ఒంటిని కొరికింది. కాసేపటికి చొక్కాలో చిక్కిన నీళ్లు ఒంటి వేడికి గోరువెచ్చనయ్యాయి. నడి ఏట్లో ప్రవాహం పక్కకు తోసింది కానీ, చిన్న రెక్క పలక ముక్కును చెదరనివ్వలేదు. చేతులు పడిపోతున్నాయి. వెనకే వస్తున్న పడవలోంచి మల్లయ్య "ఎక్కుతవా బిడ్డా?" అని అరిచాడు. "ఎక్కనే ఎక్క కాకా!" అన్నాను. చివరికి వేళ్లకు ఇసుక తగిలింది.

లేచి నిలబడి వెనక్కి చూశాను. ఇంట్లో గట్టిగా మాట్లాడటం కూడా ఎరగని మనిషి, గనివాళ్ల మధ్య చేతులెత్తి గంతులేస్తున్నాడు. నీళ్ల మీదుగా ఆయన గొంతు వినిపించింది: "మా ఇంటిదే! నేసింది సుత గామెనే!"

గోదావరి దాటినందుకు గర్వపడుతున్నాను, దాచుకోను. తాను దాటాలని ఏడాది కాచుకున్న మనిషి నేను దాటితే అంతగా మురిసిపోయాడు. అందుకు ఇంకా గర్వపడుతున్నాను. మీరూ వెళ్లేట్టయితే వెంట పడవ లేనిదే దిగకండి. ఏట్లోకని కుట్టే బట్టను ముందు ఉడకబెట్టి, ఆరాకే కొలతలు తీయండి. అది ఎవరికి సరిపోతుందో చూసుకున్నాకే, దాటేది ఎవరో తేల్చుకోండి.