గీయని మూడు వాల్వులు

మా పెదనాన్న రిటైరై మొన్న సోమవారానికి సరిగ్గా ఏడాది. ముప్పై ఆరేళ్ళు చేసింది ఒకటే పని, వాల్వులు తిప్పడం. రోడ్డు పక్కన ఇనప మూత ఎత్తి, నడుమెత్తు కీ లోపలికి దించి ఇరవై రెండు చుట్లు తిప్పితే రెండు వీధులకి నీళ్ళు. మళ్ళీ ఇరవై రెండు చుట్లు వెనక్కి తిప్పితే బంద్. అప్పుడు పక్క వీధుల వంతు. ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు మా ఇంట్లో కూడా తక్కువే. ఊరందరికీ నీళ్ళాయన.

“ఏడాది ఎలా గడిచింది పెదనాన్నా?” అని ఊరికే అడిగాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ, “తప్పు చేశానమ్మాయ్” అన్నాడు.

దిగిపోయే ముందు వారం ఇంజనీరు ఆయన చేత మ్యాపు గీయించాడు. అప్పటిదాకా ఏ వాల్వు ఎక్కడుందో పెదనాన్న తలలో తప్ప ఇంకెక్కడా లేదు. నాలుగు పెద్ద కాగితాలు అతికించి, భోజనాల బల్ల మీద పరుచుకుని, రెండు రోజులు గీశాడు. వీధులు నల్ల పెన్నుతో, వాల్వులు ఎర్ర పెన్నుతో. ముప్పై ఎనిమిది ఎర్ర చుక్కలు పెట్టాడు. ఉన్నవి నలభై ఒకటి.

“మిగతా మూడూ?”

“కావాలనే వదిలేశాను. అన్నీ ఇచ్చేస్తే ఇంక నేనెవరికి గుర్తుంటాను? కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడతారు. మూడు నా దగ్గరుంటే ఎప్పుడో ఒకప్పుడు పిలవక తప్పదు కదా అనుకున్నాను.”

ఆయన స్థానంలోకి పంపుహౌస్‌లో పనిచేసే ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించాలి. మొదటి మూడు నెలలూ రోజుకి రెండుసార్లు ఫోన్. “బాబాయ్, పోస్టాఫీసు సందులో మూత రావట్లేదు.” “బాబాయ్, ఈ వాల్వు బిగుసుకుపోయింది.” పెదనాన్న చెప్పులేసుకుని పరిగెత్తేవాడు. మా పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, “రిటైరైంది ఆఫీసుకా, నాకా?” అనేది.

తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆరో నెలకి ఆగిపోయాయి. ఆవిడ పని నేర్చుకుంది. పైగా ఇంజనీరు ఓ రోజు, “ప్రతిదానికీ ఆ ముసలాయనకి ఫోన్ చేస్తే నీకు జీతం ఎందుకమ్మా?” అన్నాడట. ఈ సంగతి పెదనాన్నకి తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం పొద్దున లేచి, వీధిలో నీళ్ళు టైముకి వస్తున్నాయో లేదో చూసి, వస్తుంటే మొహం ముడుచుకుని లోపలికొచ్చేవాడు. “నీళ్ళొస్తే ఏడ్చే మనిషిని ఈయన్నే చూశాను” అని పెద్దమ్మ.

పదో నెలలో స్కూలు వెనక పెద్ద పైపు పగిలింది.

పొద్దున తొమ్మిదిన్నరకి నీళ్ళు చిమ్మడం మొదలైంది. ఆవిడ పది నిమిషాల్లో అక్కడికి చేరింది. మ్యాపులో ఆ చుట్టుపక్కల ఉన్న నాలుగు వాల్వులూ కట్టేసింది. నీళ్ళు ఆగలేదు. వెనక నుంచి ఇంకో లైను కలుస్తోంది, దాని వాల్వు మ్యాపులో లేదు. మళ్ళీ మ్యాపు చూసింది, మళ్ళీ నాలుగూ తిప్పి చూసింది. చివరికి మొత్తం పంపుహౌసే ఆపించింది. అయినా ఎత్తున ఉన్న ట్యాంకులోని నీళ్ళన్నీ ఆ పగులు దారినే పోతున్నాయి. స్కూలు కింది గదిలో పాత రిజిస్టర్లు, పిల్లల సర్టిఫికెట్లు. మోకాటి లోతు నీళ్ళు.

పెదనాన్నకి సంగతి తెలిసేసరికి పన్నెండు. వెళ్ళి, మందులషాపు గోడ పక్కన నిలబడి, “ఇక్కడ ఇటుకలు తియ్యండి” అన్నాడు. కింద మూత. కీ దించి ఎడమకి తిప్పాడు. మిగతా వాల్వులన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి, అదొక్కటే ఎడమకి. ఐదు నిమిషాల్లో నీళ్ళు ఆగిపోయాయి.

జనం చప్పట్లు కొట్టారు. స్కూలు హెడ్‌మాస్టరు చేతులు పట్టుకుని, “పెద్దాయన లేకపోతే మునిగిపోయేవాళ్ళం” అన్నాడు. ఇంజనీరు అందరి ముందూ ఆవిడ వైపు తిరిగి, “చూశావా, అనుభవం అంటే ఇదీ” అన్నాడు. ఆవిడ నడుం దాకా తడిసి, మ్యాపు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

“ఆ రోజూ, మర్నాడూ నాకు ఎంత బాగుందో తెలుసా?” అన్నాడు పెదనాన్న. ఈ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

మూడో రోజు ఆవిడ ఇంటికొచ్చింది. చేతిలో మెమో. రెండున్నర గంటలు నీళ్ళు ఎందుకు ఆపలేకపోయావో వారంలోగా రాసివ్వాలి. వచ్చే నెలలో కాంట్రాక్టు పొడిగింపు.

“బాబాయ్, ఒక్కటే అడుగుతాను. ఆ వాల్వు మ్యాపులో ఎందుకు లేదు?”

పెదనాన్న కాసేపు నీళ్ళు నమిలి, “మర్చిపోయానమ్మా. వయసైపోయింది” అన్నాడు.

ఆవిడ నమ్మింది. “పోన్లే బాబాయ్, మీరు మాత్రం ఏం చేస్తారు” అని, పెద్దమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

తలుపు వేసి పెద్దమ్మ అంది: “మన పెళ్ళిరోజు మర్చిపోతారు, సరే. కూతురి పుట్టినరోజు మర్చిపోతారు, సరే. వాల్వు మర్చిపోయారా?”

“నీకెందుకు?”

“నాకేం లేదు. ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, అంతే.”

ఆ వారమంతా పెదనాన్నకి అన్నం సహించలేదు. ఆరో రోజు మురిక్కాలవ పక్కనుంచి నడుచుకుంటూ ఆఫీసుకి వెళ్ళాడు. ఇంజనీరు కుర్చీ వేయించి, “మీకు చిన్న సన్మానం చేద్దామని హెడ్‌మాస్టరు గారు అంటున్నారండీ” అన్నాడు.

“సన్మానం వద్దు. కాగితం ఇప్పించండి.”

“ఎందుకు?”

“ఆ వాల్వు నేను కావాలనే గీయలేదు. ఇంకో రెండు కూడా. ఆ అమ్మాయి తప్పు లేదు.”

ఇంజనీరు పెన్ను మూత పెట్టాడు. “ఇప్పుడివన్నీ ఎందుకండీ? మర్చిపోయాననండి, అయిపోతుంది. రాసిస్తే మీ పరువే పోతుంది.”

“మర్చిపోయానంటే, నాలుగూ కట్టి ఐదోది కనిపెట్టలేకపోయింది అని ఆమె మీద రాస్తారు. నాకు తెలుసు, నేనూ అక్కడే పనిచేశాను.”

నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టి వచ్చేశాడు. మెమో వెనక్కి తీసుకున్నారు. కాంట్రాక్టు పొడిగించారు. సన్మానం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సంగతి ఊరంతా పాకింది. టీకొట్టు దగ్గర ఒకడు, “ఏం నీళ్ళాయనా, మా ఇంటి కుళాయి కూడా ఎక్కడైనా దాచావా?” అన్నాడు. అందరూ నవ్వారు. పెదనాన్న టీ సగంలో వదిలేసి లేచాడు. ఆ తర్వాత అటు వెళ్ళలేదు.

రెండు వారాలకి ఓ ఉదయం ఆవిడ గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో కీ, ఒక చేతిలో పసుపు రంగు డబ్బా, భుజాన పొడుగాటి ఇనప కడ్డీ.

“మిగతా రెండూ చూపించండి.”

బాబాయ్ అనలేదు. పెద్దమ్మ కూర్చోమంటే కూర్చోలేదు.

చూపించాడు. మూతలు తనే ఎత్తింది, తనే తిప్పింది, ఎన్ని చుట్లో గోడ మీద పసుపు రంగుతో రాసింది, ఎటు తిప్పాలో బాణం గీసింది. ఆయన కీ అందుకోబోతే, “మీరు నిలబడండి చాలు” అంది. తిరిగొస్తూ సైకిల్ రిపేరు షెడ్డు మూల దగ్గర మట్టిలోకి కడ్డీ గుచ్చి చూసింది. ఖంగుమంది. తవ్వితే ఇంకో మూత.

“ఇదేంటి?”

పెదనాన్న వంగి చూశాడు. బుర్ర ఎంత గోక్కున్నా అక్కడ వాల్వు ఉన్నట్టు గుర్తు లేదు. ఆయన చేరకముందు ఎప్పుడో వేసి ఉండాలి, లేదా ఆయనే ఒకట్రెండుసార్లు తిప్పి వదిలేసి ఉండాలి.

“నిజంగా మర్చిపోయానమ్మా.”

ఆవిడ ఆయన్ని చూసింది. బ్రష్షు రంగులో ముంచి గోడ మీద నలభై రెండు అని అంకె వేసింది.

“అప్పుడు అర్థమైందమ్మాయ్” అన్నాడు పెదనాన్న. “ఆ మాట నేను అంతకుముందే ఖర్చు పెట్టేసుకున్నాను. నిజంగా అవసరమైనప్పుడు నా దగ్గర లేదు.”

మర్నాటి నుంచి ఇద్దరూ ప్రతి వీధీ మొదటి నుంచీ చూస్తున్నారు. ఆవిడ షరతు అది: మ్యాపు ఈయన మాట మీద కాదు, కడ్డీ మీద. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. ఇప్పటికి పంతొమ్మిది వీధులు అయ్యాయి, ఇంకా అరవై పైనే ఉన్నాయి. పెదనాన్న మోకాలు వాచిపోతోంది, అయినా ఒక్కరోజు మానలేదు. పెద్దమ్మ ఇప్పుడేమీ వెటకారం చెయ్యడం లేదు, నూనె వేడి చేసి పెడుతోంది.

“వచ్చే ఏడాదికి ఏం కావాలి పెదనాన్నా?”

“మ్యాపు పూర్తవ్వాలి. కింద నా పేరు వెయ్యక్కర్లేదు.” మోకాలికి నూనె పట్టించాడు. “ఇంకొకటి ఉంది, అది అడిగితే వచ్చేది కాదు. ఏదో ఒక రోజు, ఏదో ఒక మలుపులో, ఇక్కడేమీ లేదమ్మా అని నేనంటే, ఆ పిల్ల కడ్డీ గుచ్చకుండా ముందుకి నడవాలి.”

ఈ రోజు పొద్దున కూడా రెండుచోట్ల అన్నాడట. రెండుచోట్లా గుచ్చి చూసింది. కింద మట్టే.